కందిగింజ తీపి: మట్టి గుణమా, విత్తు గుణమా?

సికిందరాబాదు నుండి వాడి జంక్షనుకు పోవు రైలుమార్గము 1874లో ఏర్పడినది. ఆ మార్గమున పడమటికి సాగువారికి మొదట వికారాబాదు, పిమ్మట తాండూరు వచ్చును. వికారాబాదు చుట్టును ఎఱ్ఱనేలలు, అనంతగిరి కొండలు. మూసీనది పుట్టినది ఆ కొండలలోనే. తాండూరు సమీపించుకొలది నేల రంగు మారును. అడుగున సున్నపురాయి పొరలు, పైన నల్లరేగడి. ఎన్నో తెలుగు ఇండ్లలో నేలకు పరచిన బండలు ఆ పొరల నుండి వచ్చినవే. ఆ బండ ఎంత పేరుగాంచినదో, ఆ రేగడిలో పండు కందియు అంత పేరుగాంచినది.

కందిచేలు కాయపట్టియున్న చలిదినములలో పచ్చికాయను కోసి, ఉప్పు వేసి ఉడికించి, గింజలు ఒలుచుకొని తినుట పల్లెలలో అందరు ఎరిగిన ముచ్చట. ఆ గింజ తియ్యగా ఉండును. అదే చేను మరి కొన్ని వారములు నిలిచి, ఎండి, నూర్పిడియై, పప్పుగా ఇంటికి వచ్చునప్పటికి ఆ తీపి అంతగా కానరాదు. వేరొక చోటి పప్పు వండినచో రుచి మరియొక తీరుగా ఉండును. ఒకే పంటలో కాలమును బట్టి, రకమును బట్టి, నేలను బట్టి ఇంత భేదమెందుకు కలుగును? ఈ ప్రశ్న వంటింటిలో పుట్టినదే యైనను, దీనికి సమాధానము పంటల ప్రజనన శాస్త్రమున వెదకవలసియున్నది.

తాండూరు రైతు నడిగినచో, "మా మట్టి మహిమ" అని చెప్పును. ఆ మాటకు ప్రభుత్వ ముద్రయు లభించినది. యాలాల మండల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ చేసిన దరఖాస్తు పై 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కినది. లోతైన నల్లరేగడి, అందులోని అటాపల్గైటు అను బంకమన్ను, అడుగున సున్నపురాయి నిక్షేపములు ఈ కంది ప్రత్యేకతకు కారణములుగా చెప్పబడినవి. అయితే, గుర్తింపు కాపాడునది పేరును. ఆ పేరుతో అమ్ముటకు ఆ ప్రాంతపు పంటకే హక్కు కలదు. విత్తనపు సంగతి వేరు. ఆ చేలలో తరతరాలుగా వేయు నాటుగింజల స్థానమున కొత్త రకములు వచ్చుచున్నవి. తీపి మట్టి గుణమే యైనచో భయము లేదు. మట్టి ఎక్కడికిని పోదు. విత్తు గుణమైనచో, ఆ విత్తు పోయిన నాడు రుచియు దానితోనే పోవును. ఈ విచారణ యొక్క అవసరము ఇందువలననే కలిగినది.

ముందుగా గింజలోని చక్కెరను గూర్చి తెలిసికొందము. చక్కెర అనగా ఒక పదార్థము కాదు. అది ఒక కుటుంబము. మనము కాఫీలో కలుపుకొను పంచదార శాస్త్రీయ నామము సుక్రోజు. పప్పుగింజలలో అది కలదు. నాలుకకు తెలియు తీపి ముఖ్యముగా దానిదే. మొక్క ఆ సుక్రోజునకు గాలాక్టోజు అను చిన్న చక్కెర నొకదానిని తగిలించినచో రాఫినోజు అగును. రెండు తగిలించిన స్టాకియోజు, మూడు తగిలించిన వెర్బాస్కోజు. రైలు ఇంజనునకు ఒక పెట్టె, రెండు పెట్టెలు, మూడు పెట్టెలు తగిలించుట వంటిదే ఇది. పెట్టెలు పెరిగిన కొలది తీపి తగ్గును. సోయాచిక్కుడులో ఈ కుటుంబమున స్టాకియోజు పాలు ఎక్కువ. కంది, పెసర, మినుములలో వెర్బాస్కోజు పాలు ఎక్కువ.

ఈ పెట్టెలను విడదీయు ఎంజైము మనుష్యుని చిన్నప్రేగులో లేదు. అందుచేత రాఫినోజు కుటుంబపు చక్కెరలు అరగకయే పెద్దప్రేగును చేరును. అచ్చట నివసించు సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి వాయువును పుట్టించును. పప్పు తిన్న తరువాత కడుపు ఉబ్బుటకు ముఖ్యకారణ మిదియే. పప్పులో ఇంగువ వేయు మన పెద్దల అలవాటు ఈ బాధను ఎరిగి పెట్టుకొన్నదే. అయితే ఈ చక్కెరలను పూర్తిగా దోషులుగా ఎంచరాదు. మితముగా అందినప్పుడు ఇవి పెద్దప్రేగులోని మేలుచేయు సూక్ష్మజీవులకు ఆహారమగును. మొక్కకును ఇవి అక్కరకు వచ్చునవే. గింజ ఎండుచున్నప్పుడు లోపలి కణములు చెడకుండ ఇవి కాపాడునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. మరల మొలకెత్తునప్పుడు తొలి శక్తి నిచ్చునవియు ఇవియే. కనుకనే మొలకెత్తించిన గింజలలో ఇవి తగ్గియుండును.

ఇప్పుడు పచ్చికాయ తీపి రహస్యము విప్పవచ్చును. పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ, అనగా ఇక్రిసాట్, 1972లో స్థాపింపబడినది. అచ్చటి రసాయన శాస్త్రజ్ఞులు పచ్చికందిని, ఎండిన కందిని పోల్చి చూచిరి. పచ్చిగింజలో కరుగు చక్కెరలు నూటికి సుమారు 5 పాళ్ళు. ఎండిన గింజలో సుమారు 3 పాళ్ళు. ముఖ్యమైన భేదము అందులోని పంపకమున కలదు. పచ్చిగింజలోని చక్కెరలలో కడుపుబ్బించునవి పదింట ఒక వంతు మాత్రమే. ఎండిన గింజలో అవి సగమునకు మించియున్నవి. అనగా గింజ ముదురుచున్న కొలది తీపినిచ్చు చక్కెర తరిగి, పెట్టెలు తగిలించిన చక్కెర పెరుగుచున్నది. పిల్లలు ఉడికించిన కందికాయను ఇష్టముగా తినుటకును, అది సులభముగా అరుగుటకును ఈ లెక్కయే సాక్ష్యము.

కాలమును బట్టి కలుగు భేద మిది. ఇక రకమును బట్టి కలుగు భేదము. ఈ విషయమున లోకములో ఎక్కువగా పరిశోధింపబడిన పంట సోయాచిక్కుడు. మన ఆదిలాబాదు, నిర్మల్, నిజామాబాదు, కామారెడ్డి జిల్లాల రైతులకు అది పరిచితమే. కంది, సోయా వృక్షశాస్త్రములో దగ్గరి చుట్టములు. సాధారణమైన సోయా రకములలో సుక్రోజు నూటికి 4 నుండి 6 పాళ్ళు, స్టాకియోజు 3 నుండి 4 పాళ్ళు, రాఫినోజు ఒక పాలు వరకు ఉండును. కాని అన్ని రకములును ఒక్కటి కావు. అమెరికా విత్తన భాండాగారమున పి.ఐ. 200508 అను సంఖ్యతో ఒక సోయా రకము కలదు. దానిలో రాఫినోజు, స్టాకియోజు మిక్కిలి తక్కువ, సుక్రోజు ఎక్కువ. దాని కారణమును 2008లో శాస్త్రజ్ఞులు బయటపెట్టిరి. రాఫినోజును తయారుచేయు ఒక జన్యువులో మూడక్షరములు లోపించినవి. అంతమాత్రముననే ఇంజనునకు పెట్టె తగిలించు పనివాడు పనికిరానివాడాయెను. ఆ గుణమును సంకరణము ద్వారా మంచి దిగుబడినిచ్చు రకములలోనికి మార్చుటకు ప్రజననకారులు పూనుకొనిరి. పశువుల దాణాకును, కోళ్ళ మేతకును, సోయాపాలకును అట్టి గింజ మేలైనది.

సోయా నేర్పిన పాఠములు మరి మూడు కలవు. మొదటిది: మాంసకృత్తులు ఎక్కువైన గింజలో సుక్రోజు తగ్గుచుండును. రెంటిని ఒక్కసారి పెంచుట కష్టము. రెండవది: గింజ నిండు దినములలో వేడి హెచ్చినచో సుక్రోజు బాగుగా తగ్గును. ఒకే విత్తనము చల్లని యేట ఒక రుచి, వేడి యేట ఒక రుచి చూపవచ్చును. మూడవది: ఫైటికామ్లమును, ఈ చక్కెరలను కూడ ఒక్కసారి తగ్గించిన ఒక సోయా మార్పురూపములో విత్తనములు పొలమున సరిగా మొలవలేదు. మనుష్యుని కడుపునకు మేలుచేయబోయి మొక్క ప్రాణమునకు ముప్పు తెచ్చినట్లాయెను. కనుక ఒక గుణమును మార్చునప్పుడు దానితో ముడిపడిన గుణములన్నింటిని కనిపెట్టియుండుట ప్రజననకారునికి తప్పని విధి.

కందిలోను ఇట్టి భేదములు లేకపోలేదు. మధ్యప్రదేశములో జబల్పూరు దగ్గర సేకరింపబడిన ఒక నాటుకందికి ఇక్రిసాట్‌లో ఐ.సి.పి. 7035 అను సంఖ్య నిచ్చిరి. దాని గింజలు పెద్దవి, ఊదారంగు గలవి. పచ్చిగింజలో చక్కెర సాధారణ రకములలో నూటికి 5 పాళ్ళుండగా, దీనిలో 8.8 పాళ్ళున్నట్లు తేలినది. వెఱ్ఱితెగులును తట్టుకొను శక్తియు దీనికి కలదు. 1985లో ఫిజీ దీవులలో దీనిని కమికా అను పేరుతో కూరకంది రకముగా విడుదలచేసిరి. చెరకుతోటలలో పనికని వెళ్ళి స్థిరపడిన మన తెలుగువారును ఆ దీవులలో కలరు. ఏ పల్లెపొలమునో పెరిగిన అనామక విత్తనము ఒకటి, ఎవరో సేకరించి భద్రపరచినందున, సముద్రములు దాటి ఇతరుల విస్తరిలోనికి చేరినది. సేకరింపకపోయినచో దాని తీపి సంగతి ఎవరికిని తెలియకయే పోయెడిది.

ఇట్టి నిధులు మనకు దూరమున లేవు. ఇక్రిసాట్ విత్తన భాండాగారమున 13 వేలకు పైగా కంది నమూనాలు చల్లని గదులలో భద్రపరుపబడియున్నవి. అన్నింటిని ఒక్కసారి పొలములో వేసి పరీక్షించుట సాధ్యము కాదు. అందుచేత ఆ వైవిధ్యమునకు అద్దము పట్టునట్లు 146 నమూనాలను ఎన్నుకొని ఒక చిన్న సముదాయము నేర్పరచిరి. 2011లో కంది జన్యుపటమును శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అందుకై వారు ఎన్నుకొన్నది 1993లో విడుదలయైన 'ఆశ' అను రకము. ఎండుతెగులును, వెఱ్ఱితెగులును తట్టుకొను ఆ రకము మన రైతులకును ఎరుకయైనదే. సోయాలో రాఫినోజును తయారుచేయు జన్యువు ఏదో తెలిసియున్నది. కంది పటములో దానికి సరిపోవు చోటును వెదకుటకు ఇప్పుడు మార్గము కలదు.

ఇక తీపిని కొలుచుట ఎట్లు? గింజను పిండిచేసి, నూటికి 80 పాళ్ళు ఆల్కహాలు గల నీటిలో కాచినచో చక్కెరలు ద్రవములోనికి దిగును. దానికి ఫినాలు, గంధకామ్లము చేర్చినచో నారింజరంగు పుట్టును. రంగు చిక్కదనమును బట్టి మొత్తము చక్కెర ఎంతయో తెలియును. ఇది సులభము, చవుక. కాని దీనితో ఆగరాదు. రెండు రకముల కందులలో మొత్తము చక్కెర నూటికి ఐదేసి పాళ్ళున్నదనుకొందము. ఒకదానిలో మూడు పాళ్ళు సుక్రోజు, రెండు పాళ్ళు తక్కినవి; రెండవదానిలో ఒక్క పాలే సుక్రోజు, నాలుగు పాళ్ళు తక్కినవి అయి ఉండవచ్చును. మొదటిది నాలుకకు ఇంపు, రెండవది కడుపునకు బరువు. రంగుపరీక్షకు మాత్రము రెండును ఒక్కటే. కనుక ఒక్కొక్క చక్కెరను వేరుచేసి చూపు ద్రవ క్రోమటోగ్రఫీ అను పద్ధతి అవసరము. "చక్కెర ఎక్కువ" అని విన్నప్పుడు "ఏ చక్కెర?" అని అడుగుట చదువరులు అలవరచుకొనదగిన మంచి అలవాటు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. తీపి మట్టిదా, విత్తుదా? దీనిని తేల్చుటకు వాదములు అక్కరలేదు. నాలుగు మడులు చాలును. తాండూరు నాటుకందిని, 'ఆశ' వంటి మరియొక రకమును తీసికొందము. రెంటిని తాండూరు నల్లరేగడిలో వేయుదము. రెంటిని వికారాబాదు ఎఱ్ఱనేలలోను వేయుదము. ఒకే అదనున విత్తి, ఒకే ముదురున కోసి, ఒకే తీరున చక్కెరలను కొలుతము. నాటుకంది రెండుచోట్లను తీపిలో మిన్నయైనచో ఆ గుణము విత్తుది. తాండూరులో వేసినవి రెండును మిన్నలైనచో అది మట్టిది. నాటుకంది రేగడిలో మాత్రమే మిన్నయై, ఎఱ్ఱనేలలో సామాన్యమైనచో, అది ఆ రెంటి పొత్తువలన పుట్టిన గుణము. తరతరాలుగా ఒకే నేలపై ఎన్నుకొనుచు వచ్చిన విత్తనమునకు ఇట్టి పొత్తు కుదురుట ఆశ్చర్యము కాదు.

అయితే ఒక్క యేటి పరీక్షతో తీర్పు చెప్పరాదు. వానలు, చలి, వేడి ఏటేట మారును. ఒక మడిలో ఒక మూల సారము ఎక్కువ ఉండవచ్చును. కనుక ప్రతి రకమును పలుమడులలో, పలు సంవత్సరములు వేసి సరాసరి చూడవలెను. ఎండినగింజతో పాటు పచ్చిగింజను కూడ కొలువవలెను; అవి రెండు వేరు వేరు సరకులని ముందే చెప్పుకొంటిమి. ఈ నాలుగు మడుల పద్ధతి కందికే కాదు. ఏ ఊరి మామిడికి, ఏ ఊరి మిరపకు పేరు వచ్చినను, ఆ పేరుకు మూలమేదో తెలిసికొనుటకు ఇదే తగిన త్రోవ.

కందిలో ప్రజననము సోయాలో వలె సులభము కాదు. సోయా పువ్వు తనంత తానే ఫలదీకరణము చెందును. కందిపూలపై తేనెటీగలు తిరుగుచు ఒక మొక్క పుప్పొడిని మరియొక దానికి చేర్చును. ప్రక్క చేలో వేరొక రకమున్నచో మన విత్తనము కల్తీయగును. కనుక ఎన్నుకొన్న మొక్కలను వలలతో కప్పవలసివచ్చును. మధ్యకాలపు కంది చేనిలో ఆరు నెలలు నిలుచును. ఏడాదికి ఒక్క తరమే చేతికి వచ్చును. తీపి, ఎండుతెగులు నిరోధము, వెఱ్ఱితెగులు నిరోధము అను మూడు గుణములకు మూడు జన్యువులే కారణమనుకొన్నను, మూడింటిలోను శుద్ధమైన మొక్క సంకరము యొక్క రెండవ తరమున 64లో ఒక్కటి మాత్రమే దొరకును. గుణములు పెరిగిన కొలది వెదకులాట పెరుగును.

రైతునకు ముందు కావలసినది తీపి కాదు, పంట నిలుచుట. ఎండుతెగులు తగిలిన చేను కాయపట్టకముందే వాడిపోవును. వెఱ్ఱితెగులు తగిలిన మొక్క ఆకులతో ఏపుగా పెరుగునే కాని పూవు పూయదు. కాయతొలుచు పురుగు సంగతి చెప్పనక్కరలేదు. అందుచేత తాండూరు వ్యవసాయ పరిశోధనా స్థానము వారు టి.డి.ఆర్.జి. 4, టి.డి.ఆర్.జి. 59 వంటి రకములను రూపొందించిరి. అట్టి రకములను ఎన్నుకొను రైతును తప్పుపట్టుట న్యాయము కాదు. రుచికై నష్టపడుమని ఎవరిని కోరగలము? మేము చెప్పదలచినది వేరు. దిగుబడి, తెగులు నిరోధము, పప్పు రాలుబడి లెక్కించు పట్టికలో చక్కెరల వరుస కూడ ఒకటి చేర్చవలెను. కొలువని గుణము ఎవరికిని తెలియకుండనే జారిపోవును. జారిపోయిన పిమ్మట దానిని మరల తెచ్చుకొనుటకు మూలవిత్తనము దొరకవలెను కదా.

ఈ పని అంతయు ప్రయోగశాలలదే కాదు. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము రైతులు తాము కాపాడుకొనుచు వచ్చిన రకమును తమ పేర నమోదు చేయించుకొనవచ్చును. తమ విత్తనమును దాచుకొనుటకు, మరల విత్తుటకు, ఇరుగుపొరుగుతో మార్చుకొనుటకు వారికి హక్కు కలదు. కొత్త రకము వేసినను, ఇతర కందిచేలకు దూరముగా ఒక చిన్న మడిలో నాటుకందిని వేసి, మంచి మొక్కలను గుర్తుపెట్టి, వాటి గింజలను వేరుగా ఎండబెట్టి, కలుపకుండ దాచుట ఏ రైతునకైనను సాధ్యమే. పది కుటుంబములు ఆ పని చేసినచో అది ఊరి విత్తన భాండాగారమగును. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడినట్లు, ఆ మడి విత్తనమును కాపాడును.

గృహిణులకు ఒక చిన్న సూచన. పప్పు బరువనిపించు ఇండ్లలో దానిని కొన్ని గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీటిలో వండినచో కడుపుబ్బించు చక్కెరలు కొంత దిగిపోవును. నీటిలో కరుగు జీవసత్త్వములు కొన్ని కూడ దానితో పోవునన్నది నిజమే. కనుక అవసరమున్న ఇండ్లలోనే ఈ పద్ధతి తగును. కంది కాయపట్టు దినములలో పచ్చిగింజను కూరలోను, అన్నములోను వాడుకొనుట అన్నివిధముల మేలు. అప్పుడు తీపి ఎక్కువ, బాధ తక్కువ.

తాండూరు బండను పగులగొట్టి పలకలుగా పరచినను, అడుగున మరల బండ ఉన్నది. విత్తనము అట్టిది కాదు. ఒక్క యేడు విత్తకపోయిన ఇంట, రెండవ యేట అది వెదకినను దొరకదు. తీపి మట్టిదో విత్తుదో నాలుగు మడులు తేల్చును. ఆ మడులలో వేయుటకు నాటుకంది గింజలు మిగిలియుండవలెను. అంతవరకు వాటిని కాపాడుట మన వంతు.